రాయని చోట మోగిన ట్రయాంగిల్

ఫోన్ పెట్టేశాక పురుషోత్తం ఎదురుగా కూర్చున్న గిరాకీని మరిచేపోయాడు. ఆ పెద్దమనిషి ముక్కు మీద బరువైన ఫ్రేమ్ పెట్టుకుని, గోడ మీది అక్షరాలు పై వరస నుంచి కింది దాకా చదివేసి, "ఇంకా చదవాల్నా, చాలా?" అని అడిగినా పలకలేదు. రెజిమెంటల్ బజార్‌లో తండ్రి పెట్టిన కళ్ళద్దాల దుకాణం అది. దుకాణంలో ఉండగా పెళ్ళాం ఫోన్ చేసినా "గిరాకీ ఉన్నది, మళ్ళ చేస్తా" అని పెట్టేసే మనిషి, చేతిలో అద్దం పట్టుకుని గుడ్లప్పగించి నిలబడ్డాడంటే సంగతి చిన్నది కాదు.

ఫోన్ చేసింది బోయిగూడ సదాశివ సార్. చెప్పింది రెండు ముక్కలే.

"మన దేవకృప టేపు బయటికి పోయిందిరా పురుషోత్తం. ఎవడో యూట్యూబ్‌ల పెట్టిండట, ఊరంత మోగుతున్నది. ఆదివారం మధ్యాహ్నం అందరు రాండ్రి. నా ముందర పెట్టి వింటం. ఎవలి కాపీనో గప్పుడు తెలుస్తది."

ఎవరి కాపీనో వినకుండానే పురుషోత్తానికి తెలుసు. అతనిదే.

ఇక్కడ ఈ టేపు సంగతి చెప్పాలి. మామూలు జనం సినిమాకి వెళ్తే పాటలు గుర్తుపెట్టుకుంటారు, మహా అయితే రెండు డైలాగులు. కానీ మాటల వెనక, తలుపు తెరుచుకునేటప్పుడు, తల్లి కన్ను మూసేటప్పుడు, ఉత్తరం చదివేటప్పుడు వయొలిన్లూ, వాటికన్నా పెద్దగా మంద్రంగా పలికే చెల్లోలూ, బాకాలూ కలిసి వినబడీ వినబడనట్టు నడిచే సంగీతం ఒకటుంటుంది. సినిమావాళ్ళు దాన్ని రీరికార్డింగ్ అంటారు. అది లేకపోతే తెర మీద మనుషులు ఏడ్చినా మనకు ఏడుపు రాదు. అయినా దాన్ని దానికోసమే వినేవాళ్ళు ఎక్కడో కాని ఉండరు. సికింద్రాబాద్‌లో అలాంటి పిచ్చి పట్టిన మనిషి సదాశివ. రైల్వేలో పనిచేసి రిటైరయ్యాడు. దేశదేశాల సినిమా ఆర్కెస్ట్రాల రికార్డులు, స్పూల్ టేపులు పోగేసి, ఇంటి పై గది కిటికీలు తెరవడానికి కూడా వీల్లేకుండా నింపాడు. భార్య అనసూయమ్మ ఆ గదిలో ఒడియాలైనా ఆరబెట్టుకుందామని చాలా ఏళ్ళు పోట్లాడి, చివరికి ఆమే అలిసిపోయింది.

ఆ గదిలోని వేటినైనా ఎక్కడో ఒకచోట వెతికి పట్టుకోవచ్చు గానీ, దేవకృప టేపు మాత్రం లోకంలో మరొకటి లేదు. దేవకృప చర్చిలో వయొలిన్ నేర్చుకుని, మద్రాసు వెళ్ళి సినిమా ఆర్కెస్ట్రాల్లో వాయించినవాడు. అతను వాయించిన ఒక సినిమాకి రీరికార్డింగ్ అంతా అయ్యాక నిర్మాతలు కొట్లాడుకున్నారు. సినిమా డబ్బాల్లోనే ఉండిపోయింది, తర్వాత ఆ డబ్బాలూ పోయాయి. ఆ రోజుల్లో పాత టేపు చెరిపేసి దాని మీదే కొత్తది రికార్డు చేసేవాళ్ళు. చెరపడానికి పక్కన పెట్టిన టేపును దేవకృప బతిమాలి తెచ్చుకున్నాడు. పోయే ముందు దాన్ని సదాశివ చేతిలో పెట్టి, "ఇది బజారున పడనీయకండి సదాశివ గారూ" అని మాట తీసుకున్నాడు.

సదాశివ మాట ఇచ్చాడు. కానీ అంత గొప్ప సంగీతాన్ని ఒక్కడే విని ఊరుకోవడం ఎంత కష్టమో విన్నవాడికే తెలుస్తుంది. తనతో పాటు కూర్చుని వినే ముగ్గురికి కాపీలు ఇచ్చాడు. ఒకరు పురుషోత్తం, ఒకరు విజయేందర్, మూడోది దేవకృప కూతురు సువార్త. అయితే ఇచ్చే ముందు, ఎవరి కాపీ బయటికి పోయినా తెలిసేలా ఒక గుర్తు పెట్టాడు. ట్రయాంగిల్ అని ఆర్కెస్ట్రాలో మూడు మూలల ఉక్కు కడ్డీ ఉంటుంది, సన్నగా టింగుమంటుంది. దాన్ని సంగీత దర్శకుడు రాయని చోట, ఒక్కసారంటే ఒక్కసారి, మెల్లగా మోగించి కలిపాడు. విజయేందర్ కాపీలో ఒకచోట, పురుషోత్తం కాపీలో ఇంకోచోట. బయటివాడు వింటే అది సంగీతంలోనే ఉందనుకుంటాడు. అసలు టేపును కంఠతా పట్టిన వాళ్ళకైతే అన్నంలో రాయిలా తగులుతుంది. సువార్త కాపీలో మాత్రం ఆయన ఏమీ కలపలేదు. "తండ్రి వాయించినదాన్ల ఇంకోని చప్పుడు ఎందుకు బిడ్డకు?" అన్నాడు.

అందరికీ ఈ ఏర్పాటు తెలుసు. తెలిసీ పురుషోత్తం ఏం చేశాడయ్యా అంటే, కూతురు పెళ్ళి చేశాడు.

నవతను నేరేడ్‌మెట్ వాళ్ళకిచ్చారు. పెళ్ళి వీడియో తయారయ్యాక చూస్తే, అప్పగింతల దగ్గర ఎడిటర్ ఏదో డబ్బా మోతను, ఆడగొంతుతో "ఆ ఆ" అనే ఏడుపును తగిలించాడు. నవత తల్లిని పట్టుకుని ఏడుస్తోంటే వెనక ఆ మోత. పురుషోత్తానికి ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళు మంచి సంగీతం విన్న చెవులు, ఒక్కగానొక్క కూతురు, చేతిలో దేవకృప వయొలిన్. "తమ్మీ, జెర గిది పెట్టి చూడు" అని ఎడిటర్‌కి ఇచ్చేశాడు. ఇంట్లో అందరూ చూసి కళ్ళు తుడుచుకున్నారు. ఆ మురిపెం తీరకముందే ఆ ఎడిటర్ 'గుండెను పిండే పెళ్ళి మ్యూజిక్' అని పేరు పెట్టి తన చానెల్‌లో వేశాడు. పురుషోత్తం వెళ్ళి మీద పడితే, "తీసేసిన అన్నా, కానీ అప్పటికే మస్తు మంది తీస్కున్నరు" అన్నాడు తాపీగా. అప్పటినుంచి అది అప్పగింతల వీడియోల్లో మోగింది, జనం వాట్సాప్ స్టేటస్‌లలో మోగింది, చీరల దుకాణం ప్రకటనలో మోగింది. ఒక రోజు దుకాణంలో గిరాకీ జేబులో ఫోన్ రింగై మోగింది. ఆ రోజు పురుషోత్తం చేతిలోని ఫ్రేమ్ విరిగింది.

ఆదివారం దాకా అతనికి అన్నం సయించలేదు. సార్ కొడతాడనో, పోలీసులకు చెప్తాడనో కాదు ఆ భయం. రఘునాథ్ అని ఒకప్పుడు వీళ్ళతో కూర్చునే మనిషి ఉండేవాడు. ఏదో విదేశీ రికార్డు ఇంటికి తీసుకెళ్ళి చెప్పకుండా ఇంకెవరికో కాపీ చేసిచ్చాడని తెలిసి సదాశివ ఒకే మాట అన్నాడు, "పో" అని. ఆ ఏడు దసరాకి రఘునాథ్ జమ్మి ఆకు పట్టుకుని వచ్చి మెట్ల మీద నిలబడ్డాడు. పగవాడు తెచ్చినా జమ్మి పుచ్చుకుని ఆలింగనం చేసుకునే రోజది. సదాశివ తలుపు తీయలేదు. ఆ ఆకు పట్టుకుని మెట్లు దిగిపోయిన రఘునాథ్ ముఖం పురుషోత్తం ఇంకా మరిచిపోలేదు.

తనకు ఆ గది లేకపోతే ఏమవుతుంది? తండ్రి పోయిన ఏడాది అతనికి మనిషి గొంతు వింటేనే చిరాకేసేది. అప్పుడు సార్ ఏమీ ఓదార్చలేదు. కుర్చీ చూపించి, లైటు తీసేసి, ఒక టేపు పెట్టాడు. "మొదలు చెల్లోలను పట్టుకో. అవి యాడికి పోతే ఆడికి పో" అన్నాడు. వినడం అంటే ఏమిటో ఆ పూట తెలిసింది. "నా తర్వాత ఈ గది పురుషోత్తందే" అని ఆయన నలుగురిలో అన్న రోజున పురుషోత్తం బయటికొచ్చి పిట్టగోడ దగ్గర నిలబడి ఏడ్చాడు. ఆ మనిషి ఇప్పుడు "పో" అంటాడు. ఆ మాట ఎలా వినాలో అతనికి తెలియలేదు.

బోయిగూడలో మెట్లెక్కుతూ ఆలోచించాడు. ముందే చెప్పేస్తే? నోట్లో మాట సిద్ధం చేసుకున్నాడు. గడపలో సదాశివ ఎదురొచ్చి, భుజం మీద చెయ్యేసి, "రారా పురుషోత్తం, నీ ముఖమేందిరా గిట్ల పీక్కపోయింది? నాకన్న నువ్వే ఎక్కువ పరేషాన్ అయినవు" అనేసరికి, ఆ మాట కాస్తా మింగేసి లోపలికి నడిచాడు.

విజయేందర్ అప్పటికే వచ్చి ఒక మూల కూర్చుని ఉన్నాడు. మంచివాడే గానీ, మనసులో మాట పళ్ళ దాకా రాకముందే బయటికి వచ్చేసే రకం. సువార్త తండ్రి ఫోటో కింద, ఎప్పుడూ కూర్చునే పీట మీద కూర్చుంది. స్కూల్లో పిల్లలకు సంగీతం చెప్తుంది. పురుషోత్తాన్ని చూసి నవ్వింది. ఆ నవ్వు చూసి అతను తల దించుకున్నాడు.

సదాశివ ఫోన్‌కి వైరు తగిలించి ఆంప్లిఫయర్‌లో గుచ్చాడు. పెద్ద స్పీకర్ల మీద అరచేత్తో తట్టి, "ఈ స్పీకర్లు సుత ముసలియైనయ్. పై సురాలు మసకైనయ్. మొన్ననే మనిషిని పిలిచి వీటి లోపటి చిన్న స్పీకర్లు మార్పిచ్చిన, కొత్తయి సుత గంతే ఉన్నయ్" అని గొణిగాడు. తర్వాత కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. "ఎవలు మాట్లాడొద్దు."

సంగీతం షురూ అయింది.

చెల్లోలు కింది నుంచి, నేల కింద నీళ్ళు కదిలినట్టు మెల్లగా వచ్చాయి. ఎన్నిసార్లు విన్నాడో లెక్క లేదు, అయినా పురుషోత్తం ఒళ్ళు జలదరించింది. అంత భయంలోనూ చెవులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. వాటి మీద వయొలాలు వచ్చి చేరాయి. దూరంగా ఒక బాకా ఎవరినో పిలిచి ఆగిపోయింది. ఇంత అందమైనదాన్ని వింటూ ఇంత వణికిపోయే మనిషి ఇంకెక్కడైనా ఉంటాడా అనుకున్నాడు. విజయేందర్ గుర్తు ఉండాల్సిన చోటు బాకా తర్వాత వచ్చే అలలో. అది వచ్చింది, ఏ టింగూ లేకుండా శుభ్రంగా దాటిపోయింది. విజయేందర్ ఊపిరి వదిలి కాళ్ళు చాపుకున్నాడు.

ఇక మిగిలింది పురుషోత్తం చోటు. అన్ని వాద్యాలూ ఒక్కసారిగా ఆగి, దేవకృప వయొలిన్ ఒంటరిగా మొదలుపెట్టే ముందు చిన్న నిశ్శబ్దం ఉంటుంది. కమాను తీగ మీద ఆనే ముందు, వాయించే మనిషి ఊపిరి తీసుకోవడం కూడా వినిపిస్తుంది. సదాశివ ఆ నిశ్శబ్దం అంచునే ట్రయాంగిల్ పెట్టాడు. "నీ చెవులు మంచియి, నీకు కనిపెట్టనీకి ఇదే కష్టం" అని అప్పట్లో నవ్వాడు కూడా. పురుషోత్తం కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. వాద్యాలు పైకి లేచాయి, ఇంకా లేచాయి, ఆగాయి.

టింగ్.

గది మధ్యలో మోగినట్టు వినబడింది. సువార్త ఉలిక్కిపడి తలెత్తింది. విజయేందర్ తిన్నగా పురుషోత్తం ముఖంలోకి చూశాడు. తనది కాదు, సువార్తకు లేదు, మిగిలింది ఎవరో లెక్క కట్టడానికి పెద్ద చదువు అక్కర్లేదు. పురుషోత్తం "పో" అనే మాట కోసం ఎదురుచూస్తూ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

ఆ మాట రాలేదు. వయొలిన్ సాగుతూనే ఉంది. కళ్ళు తెరిచి చూస్తే సదాశివ కదలకుండా, నుదురు ముడిచి, ఇంకా వింటున్నాడు. చివరి దాకా విన్నాడు. మొదటికి తెచ్చి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ ఆ చోటు వచ్చింది, మళ్ళీ టింగుమంది. ముగ్గురూ మళ్ళీ విన్నారు. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"లేదు" అన్నాడు. "యాడ గుర్తు లేదు."

పురుషోత్తానికి ముందు అర్థం కాలేదు. తర్వాత తన గిరాకీలు గుర్తొచ్చారు. చూపు తగ్గిన మనిషి తన దుకాణానికి వచ్చి ఏమంటాడు? "మీ బల్బు సరిగ్గ లేదు, బోర్డు మీద రంగు పోయింది, అక్షరాలు మసకైనయ్" అంటాడు. కళ్ళు పోయాయని ఎవడూ అనడు, అనుకోడు కూడా. బోర్డు బాగానే ఉందని అలాంటి వాళ్ళకు మెల్లగా, నొప్పి తెలియకుండా చెప్పడమే తన వృత్తి. స్పీకర్లు ముసలివైనాయని సార్ అన్నప్పుడల్లా తను తలూపాడు. స్పీకర్లు బాగుచేసే మనిషిని పంపింది కూడా తనే. వయసు మీద పడితే చెవులకు ముందుగా అందకుండా పోయేవి ఆ సన్నటి చప్పుళ్ళేనని ఒక్కసారైనా తోచలేదు.

"సార్, గదేంది, వినవ..." అని విజయేందర్ నోరు తెరిచాడు.

"విజయేందర్, చాయ్ తీస్కో బిడ్డా. చల్లారిపోతది" అంది అనసూయమ్మ. ట్రే పట్టుకుని గుమ్మంలో ఎప్పుడొచ్చి నిలబడిందో ఎవరూ చూడలేదు. ఆమె విజయేందర్‌ని చూసింది, సువార్తని చూసింది, చివరికి పురుషోత్తాన్ని చూసింది. ఆమెకు ఎప్పటినుంచో తెలుసు. చెప్పొద్దని ఆ కళ్ళు బతిమాలుతున్నాయి. విజయేందర్ కప్పు తీసుకుని నోరు మూసుకున్నాడు. అతను నోరు మూసుకోవడం ఆ గదిలో అదే మొదటిసారి.

బతికిపోయానని పురుషోత్తం అనుకున్నాడు. అనుకున్నందుకు సిగ్గుపడే వ్యవధి కూడా లేకుండా, సదాశివ కుర్చీని సువార్త వైపు తిప్పాడు.

"గుర్తు లేని కాపీ ఒక్కటే ఇచ్చిన బిడ్డా."

సువార్తకు అర్థం కావడానికి క్షణం పట్టింది. "అంకుల్, నేను కాదు."

"మరి గుర్తు ఏమాయె?"

ఆమె నోరు తెరిచింది. సమాధానం ఆమె దగ్గర ఉంది. ఆ గదిలో ఆయన ఒక్కడి దగ్గర తప్ప అందరి దగ్గరా ఉంది. 'అదిగో మోగింది కదా అంకుల్' అంటే సరిపోయేది. ఆమె స్పీకర్ల వైపు చూసింది, గుమ్మంలో అనసూయమ్మ వైపు చూసింది, కళ్ళనిండా నీళ్ళతో తల దించుకుంది.

"మాట్లాడవేందమ్మా?" సదాశివ గొంతులో కోపం కన్నా ఎక్కువగా బాధ వినబడింది. "నీ తండ్రి నా చేతులు పట్టుకుని అడిగిండు. బజార్ల పడనియ్యను అని చెప్పిన. ఆయన బిడ్డే పడేస్తే నేను ఆయనకు ఏం మొఖం చూపియ్యాలె? ఎవలు చేసినా గదే మాట నాది. నీ కాపీ తెచ్చి ఇచ్చేయ్."

"సరే అంకుల్" అంది సువార్త.

అంతే అంది. తండ్రి వయొలిన్ వదులుకుంటానంది, ఆయన చెవుల సంగతి మాత్రం చెప్పలేదు. బ్యాగు భుజానికి వేసుకుని లేచింది. ఇంకో నాలుగడుగులు వేస్తే గుమ్మం దాటిపోతుంది. ఇక ఎవరూ ఏమీ అనకపోతే గది పురుషోత్తందే, కుర్చీ అతనిదే, సార్ చెయ్యి అతని భుజం మీదే ఉంటుంది. విజయేందర్ కప్పు మీదుగా అతన్నే చూస్తున్నాడు. నిజం చెప్పేద్దామనుకున్నాడు. నిజం అంటే ఏమిటి? 'సార్, మోగింది నా గుర్తే' అనాలి. ఆయన 'యాడ మోగింది?' అంటాడు. అప్పుడు ఏం చెప్పాలి? పురుషోత్తానికి ఇందాకటి భయం పోయి, దానికన్నా పెద్ద భయం పట్టుకుంది.

"సార్, సువార్త కాదు. నేను" అన్నాడు.

సదాశివ తల తిప్పాడు. "నీ దాన్ల గుర్తు ఉన్నది కదరా."

"ఉండె సార్. తీసేసిన."

పురుషోత్తం లేచి సువార్తకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"నవత పెళ్ళి వీడియోకు నేనే ఇచ్చిన. దొరుకుతనని భయమైంది. కంప్యూటర్ల పెట్టి, గుర్తు ఉన్న కాడికి కోసేసి ఇచ్చిన." ఒక్కో మాటా పెకలించి బయటికి తీస్తున్నట్టుంది. చేసిన తప్పుకు పైన చేయని పాపం కూడా నెత్తిన వేసుకుంటున్నాడు. అది కూడా ఈయన ముందు.

"కోసినవా?" సదాశివ మెల్లగా లేచాడు. "దేవకృప ఊపిరి తీస్కునే చోటురా అది. ఆడ కత్తెర పెట్టినవా?"

"అవును సార్."

"ఇచ్చినవంటే బిడ్డ మీది ప్రేమ అనుకుంటుంటి. తిట్టి ఊకుంటుంటినేమో. కోసినవా!" ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "గింత విన్నవు నా దగ్గర, గిదేనా నేర్చుకున్నది? పో. మళ్ళ ఈ మెట్లు ఎక్కకు."

ఇన్ని రోజులుగా వింటానని వణికిపోయిన మాటను పురుషోత్తం విన్నాడు. నిలబడ్డ చోటు నుంచి సార్ కాళ్ళకు దండం పెట్టి, ఎవరి ముఖమూ చూడకుండా బయటికొచ్చాడు. గుమ్మంలో అనసూయమ్మ పక్కకు జరుగుతూ అతని చెయ్యి పట్టుకుని, ఒక్క క్షణం గట్టిగా నొక్కి వదిలేసింది. అతను చెప్పులు వేసుకుని, పిట్టగోడ పట్టుకుని మెట్లు దిగుతున్నాడు.

పైన సదాశివ మళ్ళీ ఆ సంగీతమే పెట్టాడు. వాద్యాలు లేచాయి, ఆగాయి, వీధి దాకా వినిపించేంత స్పష్టంగా టింగుమంది. వెంటనే ఆయన గొంతు వినబడింది. అందులో బాధ ఉంది, బాధతో పాటు ఎన్నాళ్ళ నుంచో లేని ధీమా ఉంది.

"విన్నవా సువార్తా? సరిగ్గ ఇక్కడే! ఏదో తక్కువైంది అని నాకు ముందుగాలనే వినవడ్డది. స్పీకర్లది కాదు తప్పు, కోసిండు వాడు. నా చెవులకు తెల్వకుంట ఉంటదా?"

సువార్త అంది.

"అవును అంకుల్. మీకే వినబడింది."